టైల్ ఎక్కడ ఆగాలి?

ఏ టైల్‌నైనా చేతిలోకి తీసుకుని నిలువుగా పట్టుకుని పక్క అంచు చూడండి. ముఖం మీద పాలరాయిలా మెరిసే పొరను గ్లేజు అంటారు, దాని మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాని వెనక ఉన్నదంతా కాల్చిన మట్టి. గోడ టైల్‌లో అది గరుకుగా, ఎర్రగానో తెల్లగానో ఉండి, నీటి చుక్క వేస్తే చప్పున పీల్చేస్తుంది. ఫ్యాక్టరీలో గ్లేజు పైనుంచే పడుతుంది, పక్కలకు పట్టదు. గోడ నడుమ ఉన్న టైల్‌కి దీనివల్ల ఇబ్బంది లేదు, నాలుగు వైపులా తోటి టైల్స్ కప్పేసి ఉంటాయి కాబట్టి. చిక్కంతా చివరి టైల్‌తోనే. కిటికీ గూడు దగ్గర మూల తిరిగేచోట, బాత్రూమ్ గోడ మీద టైల్స్ ఆగి పెయింటు మొదలయ్యేచోట, వంటగట్టు కొసన ఆ మట్టి బయటపడుతుంది.

బోర్డర్, పెన్సిల్, బీడింగ్, స్కర్టింగ్, నోజింగ్ అంటూ షాపులో మనం అలంకారాలనుకుని బేరమాడే సరుకంతా ఈ చివరి టైల్ కోసం పుట్టిందే. అంచు ఎక్కడుందో తేలితే ఏ పట్టీ పెట్టాలో చాలావరకు దానంతటదే తేలుతుంది. మన ఇళ్లలో మాత్రం వ్యవహారం తలకిందులుగా నడుస్తోంది. ముందు పట్టీ కొంటాం, తర్వాత మేస్త్రీ వచ్చి "బోర్డర్ ఎక్కడ పెట్టమంటారు సార్?" అని అడిగితే బిక్కమొహం వేస్తాం.

బాత్రూమ్ టైల్స్ మన దగ్గర చాలాకాలంగా సెట్లుగా అమ్ముతున్నారు. ముదురు రంగు ఒకటి, లేత రంగు ఒకటి, పువ్వులో నీటి బొట్లో ఉన్న హైలైటర్ ఒకటి. కింద మూడు వరసలు ముదురు, నడుమ హైలైటర్, పైన లేత. గుజరాత్‌లోని మోర్బీలో తయారయ్యే 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు టైల్‌కి ఈ లెక్క అచ్చంగా సరిపోతుంది కాబట్టి, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా వేల బాత్రూముల్లో ఆ హైలైటర్ గీత ఒకే ఎత్తులో సాగుతుంది. ఆ ఎత్తులో ఏముంటుంది? షవర్ తిప్పే పిడి, గీజర్ స్విచ్చు, టవల్ కడ్డీ, అద్దం కింది భాగం. గీత వీటన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోతుంది. పువ్వు నడిబొడ్డున మేస్త్రీ కుళాయికి రంధ్రం చేస్తాడు. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఈ నడిమి గీత మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా వాడే, అన్నిటికంటే తక్కువగా ఆలోచించి పెట్టే అలంకారం. అక్కడ ఏ అంచూ లేదు. ఒక రంగు టైల్ ఆగి మరో రంగు టైల్ మొదలవుతుంది, అంతే. మందం అదే, మట్టి అదే, పని అదే.

పాతకాలపు మనుషులు ఈ విషయంలో మనకంటే తెలివిగా ఉన్నారు. మన పల్లెల్లో సున్నం కొట్టిన గోడకి కింద జానెడో మూరెడో ఎర్రమన్ను పట్టె వేసేవాళ్లు. తెలంగాణలో దాన్ని జాజు అంటారు. చూరు నుంచి జారిన వాన చినుకు నేలకు తగిలి బురదతో గోడ మీదికి ఎగురుతుంది. తెల్లగోడ మీద ఆ మరకలు పడితే పండగదాకా అలాగే ఉండాలి, ఎర్రపట్టె మీద పడితే కనపడవు. చినుకు ఎంత ఎత్తుకు ఎగురుతుందో పట్టె అంత ఎత్తు. అలంకారానికి కొలత ఇచ్చింది బురద.

స్పెయిన్‌లో అల్‌హంబ్రా కోటలోని 14వ శతాబ్దపు గదుల్లోనూ ఇదే సూత్రం కనబడుతుంది. గోడ కింది భాగమంతా రంగురంగుల టైల్ ముక్కలు, పైన మెత్తటి గచ్చు మీద చెక్కడం. జనం కూచుని వీపు ఆనించే ఎత్తు వరకే టైల్, రాపిడి తగలని పైభాగంలో గచ్చు. ఆ రెండూ కలిసేచోట కోటగోడ బురుజుల్లాంటి మెట్ల ఆకారపు వరస ఒకటి ఉంటుంది. గట్టి పదార్థం అయిపోయి మెత్తటి పదార్థం మొదలవుతోందని చెప్పే పట్టీ అది. న్యూయార్క్ సబ్‌వే మొదటి స్టేషన్లు 1904లో తెరిచినప్పుడు, వాటిని తీర్చిన హైన్స్, లాఫార్జ్ అనే ఆర్కిటెక్టులు గోడ నేలను తాకేచోట మూల లేకుండా గుండ్రంగా తిప్పారు. చీపురుకి అందని మూల ఉంటే అక్కడ చెత్త పేరుకుంటుంది కాబట్టి. రంగురంగుల మొజాయిక్ పట్టీలన్నీ దాని పైన మొదలవుతాయి. ఇప్పటికీ ఆసుపత్రుల్లో ఆపరేషన్ థియేటర్ల నేల అలాగే గోడ మీదికి వంపు తిరిగి ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అంతదూరం పోనక్కర్లేదు. చార్మినార్ దగ్గర మొహర్రం సంతాప సభలు జరిగే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా 16వ శతాబ్దం ఆఖర్లో కట్టించిన ఆ భవనం గోడల మీద 17వ శతాబ్దం తొలినాళ్లలో పూర్తయిన టైల్ మొజాయిక్ ఉంది. నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల ముక్కలను కత్తిరించి పేర్చిన పని. నడుమ అలం (పీరు) ఆకారాలు, షట్కోణాలు, చుట్టూ పట్టీలు. ఓపిగ్గా నిలబడి ఆ పట్టీలు చూడాలి. ఒక నమూనా మరో నమూనాను నేరుగా తాకదు, వాటి మధ్య సన్నటి ఖాళీ గీత ఒకటి కాపలా ఉంటుంది. దాని సంగతి తర్వాత చెప్తాను. 1908 మూసీ వరదలో ఈ టైల్స్‌లో కొంతభాగం దెబ్బతింది. నీళ్లు చేరిన కింది భాగానికే ఎక్కువ నష్టం.

ఇక అంచులో జరిగే భౌతికశాస్త్రం చూద్దాం. ఎండకి ప్రతి వస్తువూ సాగుతుంది, కానీ అన్నీ ఒకేలా సాగవు. 3 మీటర్ల పొడవున్న బాల్కనీ అంచు తీసుకోండి. జనవరి తెల్లవారుజామున నేల 15 డిగ్రీలు ఉంటే, మే నెల మధ్యాహ్నం 55 డిగ్రీలకు చేరడం మన దగ్గర వింతేమీ కాదు. ఆ 40 డిగ్రీల తేడాకి 3 మీటర్ల టైల్ వరస సుమారు 0.8 మి.మీ. సాగుతుంది. పక్కనే అంటించిన అల్యూమినియం పట్టీ సుమారు 2.8 మి.మీ. సాగుతుంది. అదే ప్లాస్టిక్ బీడింగ్ అయితే 8 మి.మీ. దాటుతుంది. రెండు పదార్థాలనూ సిమెంటుతో బిగించేస్తే ఈ తేడా ఎక్కడికి పోతుంది? ఒకటి రెండేళ్లలో బీడింగ్ మధ్యలో ఉబ్బి పాములా వంకర తిరుగుతుంది, లేదా టైల్ అంచు చిట్లుతుంది. షోరూమ్‌లో ఏసీ కింద పెట్టిన ముక్కకి ఈ కష్టాలు తెలియవు. ఇంటి లోపల ఇత్తడి, స్టీలు, అల్యూమినియం ఏదైనా నడుస్తుంది. ఎండ తగిలేచోట పొట్టి ముక్కలుగా వేసి, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నటి సందు వదలాలి. ప్లాస్టిక్ జోలికి పోకపోవడమే మేలు.

స్కర్టింగ్ అసలు పని కూడా ఈ సాగుడుకు చోటివ్వడమే. గోడ కింద నాలుగంగుళాల టైల్ పట్టీ చీపురు దెబ్బల నుంచి, తడిగుడ్డ మరకల నుంచి పెయింటును కాపాడుతుందని అందరికీ తెలుసు. దాని రెండో పని చాలామంది మేస్త్రీలకు కూడా గుర్తుండదు. నేల టైల్ గోడకు తగలకూడదు. చుట్టూ 6 నుంచి 10 మి.మీ. సందు వదిలి, ఆ సందును పైనుంచి స్కర్టింగ్ కప్పాలి. కొత్త కాంక్రీటు శ్లాబు కొన్నాళ్లపాటు ముడుచుకుంటుంది, టైల్ వేడికి, తేమకి సాగుతుంది. సందు ఉంటే టైల్స్ అటు జరుగుతాయి. సందులో సిమెంటు కూరేస్తే జరగడానికి చోటుండదు. ఒత్తిడి పెరిగి పెరిగి ఒకనాడు హాలు మధ్యలో రెండు టైల్స్ ఫట్‌మని గుడారంలా లేస్తాయి. "వాస్తు తేడా" అనేవాళ్లూ ఉన్నారు, "టైల్ కంపెనీ మోసం" అనేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు తప్పు గోడ పక్కన కనబడని ఆ సందులోనే ఉంటుంది. రెండు గోడలు కలిసే లోపలి మూలలకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ వైట్ సిమెంటు నింపితే వెంట్రుకవాసి పగులు తప్పదు. టైల్ అతుకుల్లో వాడే గ్రౌట్ రంగుకు సరిపోయే సిలికాన్ నింపాలి. పైకి కనబడని పట్టీ అది, ఖర్చు కూడా తక్కువే.

బయటి మూలల దగ్గర మరో తగువు. ఈమధ్య అందరూ అడిగేది 45 డిగ్రీల కటింగ్. రెండు టైల్స్ అంచులనూ ఏటవాలుగా కోసి మూల దగ్గర కలుపుతారు. కొత్తలో గీత గీసినట్టు ముచ్చటగా ఉంటుంది. కానీ ఏటవాలుగా కోసినప్పుడు గ్లేజు కింద ఉన్న మట్టి మాయమైపోతుంది. కొసన మిగిలేది ఆధారం లేని గాజుపొర. బకెట్ తగిలినా, స్టీలు బిందె ఒరుసుకున్నా పెచ్చు లేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో, నీళ్లు మోసే దారిలో గుండ్రటి నోజింగో స్టీలు పట్టీయో పెట్టడమే నయం. మనుషులు తగలని అల్మరా గూటికైతే 45 డిగ్రీల కోతకు నాకే అభ్యంతరమూ లేదు.

ఇప్పుడు కంటి సంగతి. పట్టీ మీద పట్టీ వేసి పొరలుగా పేర్చే కళకి మూలం ఇక్కడుంది.

పారిస్‌లో గోబెలిన్ అనే ప్రసిద్ధ తివాచీ నేతశాలలో 19వ శతాబ్దంలో రంగుల విభాగానికి మిషెల్ యూజెన్ షెవ్రొల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా ఉండేవాడు. నల్లదారం నల్లగా లేదని, వెలవెలబోతోందని ఫిర్యాదులొచ్చాయి. ఆయన అద్దకం పరీక్షించాడు, లోపం లేదు. చివరికి తేలిందేమంటే, నలుపు పక్కన ముదురు నీలం, ఊదా రంగుల దారాలు ఉండడం వల్ల కంటికి ఆ నలుపు వెలిసినట్టు కనబడుతోంది. పక్కనున్న రంగును బట్టే కన్ను రంగును అంచనా వేస్తుందని ఆయన 1839లో పెద్ద పుస్తకం రాశాడు. టైల్ గోడ మీద ఇది రోజూ జరిగే పనే. బూడిదరంగు టైల్స్‌కి నల్ల పెన్సిల్ పట్టీ చుట్టితే ఆ బూడిద తేలిగ్గా, వెలుతురుగా కనిపిస్తుంది. అదే టైల్స్‌కి తెల్లపట్టీ చుట్టితే ముదురుతుంది. అంగుళం కూడా లేని పట్టీ వంద చదరపు అడుగుల గోడ రంగును మార్చేస్తుంది. గోడ మొత్తం టైల్ మార్చడం కంటే పట్టీ మార్చి చూడడం చవక.

ఆషూర్‌ఖానాలో రెండు నమూనాల మధ్య సన్నటి ఖాళీ గీత అన్నాను కదా. పూల పట్టీ నేరుగా గీతల టైల్‌కి ఆనితే కంటికి ఎక్కడ ఏది ఆగిందో అర్థం కాదు. రెండు నమూనాలూ కలగాపులగమవుతాయి. మధ్యలో నమూనా లేని సన్నటి పట్టీ ఉంటే కన్ను అక్కడ ఓ క్షణం ఆగి, తర్వాత రెండోదాన్ని వేరుగా చదువుకుంటుంది. అందుకే సన్నం, వెడల్పు, సన్నం అనే వరస ప్రపంచమంతటా కనబడుతుంది. పైనొక పెన్సిల్, నడుమ పూల బోర్డర్, కిందొక పెన్సిల్. ఈ మూడింటిలో ఒక్కటే మాట్లాడాలి, మిగిలిన రెండూ మౌనంగా ఉండాలి. పెన్సిల్‌కి కూడా బంగారు మెరుపు, నడుమ పువ్వుకి కూడా బంగారు మెరుపు, పక్కన టైల్‌కి పాలరాయి చారలు ఉన్నాయంటే అది పెళ్లి స్టేజీ అవుతుంది, బాత్రూమ్ అవ్వదు.

రంగు లేకుండా కూడా పొరలు కట్టవచ్చు. దానికి కావలసింది నీడ. గోడ మీద 5 మి.మీ. ముందుకు పొడుచుకొచ్చిన పట్టీ ఉందనుకోండి. లైటు ఎదురుగా, గది మధ్యలో ఉంటే 45 డిగ్రీల కోణంలో పడి 5 మి.మీ. నీడ ఇస్తుంది. అదే లైటును సీలింగ్‌లో గోడకు దగ్గరగా జరిపి, వెలుతురు గోడతో 15 డిగ్రీల కోణం చేసేలా పెడితే నీడ 19 మి.మీ. దాకా సాగుతుంది. పట్టీ అదే, నీడ దాదాపు నాలుగింతలు. తెల్లటి టైల్ మీద తెల్లటి ఉబ్బు పట్టీ చప్పగా కనబడితే పట్టీని నిందించే ముందు లైటు ఎక్కడుందో చూడాలి. అయితే ఆ వాలు వెలుతురే టైల్స్ ఎత్తుపల్లాలను కూడా ఎండగడుతుంది. పనితనం మీద నమ్మకం లేకపోతే లైటును గోడకు దూరంగానే ఉంచుకోండి.

అతుకుల విషయంలో మన కన్ను మరీ కర్కశమైన పరీక్షకుడు. రెండు గీతలు ఒకే వరసలో ఉన్నాయా, కొంచెం తప్పాయా అన్నది పసిగట్టడంలో దానికి అపారమైన శక్తి ఉంది. వెలుతురు బాగుంటే 2 మీటర్ల దూరం నుంచి 0.1 మి.మీ. తేడాను పట్టేయగలదు. రెటీనాలోని ఒక్కో గ్రాహక కణం పరిధి కంటే కూడా ఇది చిన్నది. అనేక కణాల సమాచారాన్ని మెదడు కలిపి లెక్కగట్టడం వల్ల సాధ్యమవుతోంది. టైల్ కొలతల్లోనేమో అర మిల్లీమీటరు అటూ ఇటూ మామూలే. మట్టి కొలిమిలో కుంచించుకుపోతుంది, విట్రిఫైడ్ టైల్ అయితే నూటికి ఏడెనిమిది వంతులు. బోర్డర్ ముక్కలు వేరే చోట, వేరే కొలిమిలో తయారై వస్తాయి. కాబట్టి 300 మి.మీ. టైల్ మీద 300 మి.మీ. బోర్డర్ పెట్టి అతుకులన్నీ ఒకే నిలువు గీతలోకి రావాలంటే నాలుగో ముక్క దగ్గరే తేడా మొదలవుతుంది, పదో ముక్కకి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మార్గం చాలా సులువు. బోర్డర్ అతుకును టైల్ నడిమధ్యకు జరపండి. ఒక మిల్లీమీటరు తప్పితే లోపంలా కనబడేది, సగం టైల్ తప్పితే కావాలని చేసినట్టే ఉంటుంది.

నేల మీద బోర్డర్‌కి ఇంకో ప్రమాదముంది. మన గదుల్లో నాలుగు మూలలూ మూలమట్టానికి ఉండడం అరుదు. ఈ గోడ దగ్గర, ఆ గోడ దగ్గర కొలిస్తే 20 మి.మీ. తేడా ఉందనుకుందాం. బోర్డర్‌ను గోడకు 50 మి.మీ. దూరంలో వేస్తే ఆ మధ్య ఖాళీ ఒక కొసన 50, మరో కొసన 30. ఎవరొచ్చినా కళ్లు దాని మీదే. అదే బోర్డర్‌ను 300 మి.మీ. లోపలికి జరిపితే ఖాళీ 300 నుంచి 280కి తగ్గుతుంది, ఎవరికీ తెలియదు. కొంత భాగం సోఫా కిందికి పోయినా ఫరవాలేదు.

గోడ మీద బోర్డర్‌కి ఎత్తు ఎలా నిర్ణయించాలి? కాగితం, పెన్సిల్ చాలు. నేల నుంచి ఫాల్ సీలింగ్‌కి 2470 మి.మీ. ఉన్న గోడ ఒకటి తీసుకోండి. 300 మి.మీ. ఎత్తు టైల్ 8 వరసలు, మధ్యలో 2 మి.మీ. అతుకులు కలిపితే 2414. పైన 56 మి.మీ. మిగిలింది, అంటే రెండంగుళాల ముక్క కోసి పెట్టాలి. ఆ ముక్క సీలింగ్ పక్కన ఎప్పటికీ అతుకులబొంతలా కనబడుతుంది. ఇప్పుడు 50 మి.మీ. బోర్డర్ ఒకటి మధ్యలో చేర్చండి. మొత్తం 2466. పైనా కిందా చెరో 2 మి.మీ. అతుకు. ఒక్క టైల్ కూడా కోయకుండా గోడ నిండింది. బోర్డర్ వెడల్పు ఎంచాల్సింది ఇలా. అది ఎన్నో వరస పైన కూర్చోవాలన్నది గదిలో అప్పటికే ఉన్న అడ్డగీత చెప్తుంది: కిటికీ గడప, అద్దం పైఅంచు, గూడు కింది పలక, తలుపు పైకమ్మీ. వాటిలో ఒకదానితో బోర్డర్ కలిస్తే గది కుదురుకుంటుంది. వేటితోనూ కలవకపోతే ఆ బోర్డర్ వద్దు.

వంటింట్లో గట్టుకీ పై అల్మరాలకీ మధ్య ఉండేది రెండడుగుల జాగా. అందులో సగం మిక్సీ, డబ్బాలు, స్టవ్వు కప్పేస్తాయి. తాలింపు చిటపటలు, నూనె ఆవిరి అక్కడే పడతాయి. చెక్కుడు ఉన్న పట్టీ ఆ జాగాలో పెడితే ప్రతి గాడిలో జిడ్డు గడ్డకడుతుంది. నున్నటి టైల్ వేసి, పట్టీని గట్టు కొసన నిలువు అంచుకు మాత్రం పరిమితం చేయడం మంచిది.

బాత్రూములో శత్రువు మరొకటి, బోరు నీళ్లు. తెలుగు నేలలో చాలాచోట్ల బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీరు ఆరిపోయాక తెల్లటి చారలు మిగులుతాయి. నిలువు గోడ మీద కంటే అడ్డంగా ముందుకొచ్చిన పట్టీ నెత్తిన చుక్క ఎక్కువసేపు నిలుస్తుంది, అక్కడే ఉప్పు పేరుకుంటుంది. షవర్ తడి పడే గోడ మీద ఉబ్బు పట్టీ పెట్టాలనుకుంటే పైభాగం ఏటవాలుగా ఉన్నది చూసుకోండి. చారలు పోవడానికి మనవాళ్లు వాడేది యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. లవణాలను కరిగించినట్టే అది గ్రౌట్‌లోని సిమెంటునూ కరిగిస్తుంది. బోర్డర్ పాలరాతి ముక్కలదైతే రాయే కాల్షియం కార్బొనేట్ కాబట్టి బుసబుస పొంగి మెరుపు పోతుంది. బంగారు గీతల బోర్డర్ల కథ ఇంకా సున్నితం. మామూలు గోడ టైల్ 1100 డిగ్రీలకు పైన కాలుతుంది. బంగారు, మెరుపు రంగులు అంత వేడికి తట్టుకోవు కాబట్టి మళ్లీ మూడోసారి 700, 800 డిగ్రీల దగ్గర విడిగా కాలుస్తారు. ఆ మెరుపు మందం మైక్రాన్‌లో చిన్న వంతు. స్టీలు పీచుతో నాలుగుసార్లు రుద్దితే బంగారం మురుగు కాలువ పాలే. నీళ్లు పడని గోడ మీదే దాని స్థానం.

రంగు సరిపోయిందో లేదో షోరూమ్‌లో తేల్చకండి. టైల్ రంగు ఒక ఖనిజం నుంచి, బోర్డర్ రంగు మరో ఖనిజం నుంచి వచ్చి ఉండొచ్చు. ఒక లైటు కింద కవల పిల్లల్లా ఉన్న రెండూ మరో లైటు కింద వేర్వేరుగా కనబడతాయి. ఒక్కో ముక్క ఇంటికి తెచ్చి, వేయబోయే గదిలో పగలు ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కొనేటప్పుడు డబ్బాల మీద షేడ్ నంబరు, సైజు నంబరు అన్నిటికీ ఒకటేనా అని చూసుకోండి. బోర్డర్ ముక్కలు లెక్క కంటే ఓ అరడజను ఎక్కువ కొని, డబ్బా మీది లేబుల్‌తో సహా అటక మీద దాచండి. తెల్ల టైల్ పగిలితే దగ్గరి రంగు ఎక్కడో దొరుకుతుంది. బోర్డర్ డిజైన్లు మాత్రం రెండు మూడేళ్లలో మార్కెట్ నుంచి మాయమవుతాయి.